షరతు గల దానము

దానమిచ్చువాడు తానిచ్చిన వస్తువునకు షరతు పెట్టవచ్చునా? పెట్టినచో అది దానమనిపించుకొనునా, లేక దానపు ముసుగు వేసికొన్న ఒప్పందమనిపించుకొనునా? ఈ ప్రశ్న మాకు గ్రంథములు చదువుచుండగా పుట్టినది కాదు. పటాన్‌చెరువు మండలమునందలి కర్దనూరు గ్రామములో, ఒక బడిగదియందు, నాలుగవ తరగతి బాలిక యొకతె ట్యాబు మీది బొమ్మను చూచి నవ్వినప్పుడు పుట్టినది. ఆ నవ్వు సంగతి ముందుగా చెప్పి, పిదప విచారణకు దిగుదుము.

పటాన్‌చెరువు చుట్టునున్న పల్లెలు ఒకప్పుడు జొన్నచేల పల్లెలు. 1970 దశకము మొదలుకొని ఇచ్చట మందుల కర్మాగారములును, రసాయనముల కర్మాగారములును వరుసగా వెలసినవి. వానిలో పనిచేయుటకు ఒడిశానుండియు బీహారునుండియు కార్మికులు కుటుంబములతో వచ్చి, అద్దెగదులలో కాపురముండి, తమ పిల్లలను మా బడులకు పంపుచున్నారు. ఈ పిల్లలు తెలివియం దెవ్వరికిని తీసిపోరు. కాని తెలుగు వాచకము వారికి తెలియని దేశపు మంత్రమువలె వినబడును. ఈ కష్టమును చూచి, కొన్ని యేండ్లక్రింద మేమును, మాయొద్ద చదివి నేడు హైదరాబాదులో కంప్యూటరు కొలువులలోనున్న పూర్వవిద్యార్థులు ముగ్గురును కలిసి ఒక చిన్న ప్రోగ్రామును తయారుచేసితిమి. తెరమీద ఒక బొమ్మ కనబడును; బొమ్మక్రింద తెలుగు మాట యుండును; మాటను తాకినచో దాని యుచ్చారణ వినబడును. ఇట్టి మాటలు ఆఱువందలు కూర్చితిమి. ఉచ్చారణలను ఊరి పెద్దమ్మలచేత చెప్పించితిమి. మా కంఠముకంటె వారి కంఠములే పిల్లలకు నచ్చినవని ఒప్పుకొనవలసియున్నది.

పని ముగిసిన పిమ్మట, ఎవరైనను, ఎట్లయినను, ఏ కార్యమునకైనను దీనిని వాడుకొనవచ్చును, మా పేర్లు మాత్రము తీసివేయరాదు అను నర్థముగల చిన్న యనుమతిపత్రమును జతపఱచి లోకమునకు విడిచితిమి. అమెరికాలోని ఒక విద్యాలయము పేర దీనికి ఎం.ఐ.టి. లైసెన్సని వాడుక. చదువుటకు ఒక్క నిమిషము చాలును. అది చిన్నదగుటయే అప్పుడు మాకు దాని గొప్ప గుణముగా తోచినది.

రెండేండ్లు గడచినవి. ఒక దాత మా బడికి ఇరువది ట్యాబులు పంపించెను. వానిలో పిల్లలకు భాష నేర్పు ప్రోగ్రాము ముందే పెట్టబడియున్నది. తెరచి చూచితిమి గదా, అది మాదే! ఒక సంస్థవారు మా ప్రోగ్రామును తీసికొని, రంగులు దిద్ది, ప్రతి తెలుగు మాటకును ఒడియా, హిందీ అర్థములను జతచేసి, ట్యాబులలో బిగించి బడులకు అమ్ముచున్నారు. ఆ యర్థములు చక్కగా నున్నవి. మాకు చేయ శక్తి చాలని పని వారు చేసిరి. మాకు సంతోషమే కలిగినది. అంతలో నాలుగవ తరగతి బాలిక కిలకిల నవ్వి, "సార్, గిది జొన్న కాదు, సజ్జ కంకి" అనెను. నిజమే. సజ్జకంకి నిట్టనిలువుగా, చిన్న రోకలివలె నుండును. జొన్నకంకి గుత్తిగా నుండును. సజ్జకంకి బొమ్మక్రింద జొన్న యని వ్రాసిన తప్పు ఆ సంస్థవారిది కాదు, మాది. మేము దానిని నెల తిరుగకముందే మా ప్రతిలో దిద్దుకొంటిమి. వారు అంతకుముందే తీసికొన్న ప్రతియందు అది నిలిచిపోయినది.

దిద్దుటకు ప్రయత్నించితిమి. ట్యాబు ఒప్పుకొనలేదు. దాని తాళపుచెవి తయారుచేసినవారియొద్ద నున్నది. వారికి ఉత్తరము వ్రాసితిమి. మార్పులు వచ్చు కూర్పునందు ఆలోచింపబడునని మర్యాదగా ప్రత్యుత్తరము వచ్చినది. ఆ కూర్పునకు మఱల సొమ్ము చెల్లింపవలయును. పూర్వము మా చేతి పలకమీద తప్పు వ్రాసినచో తడిగుడ్డతో తుడిచివేయుచుంటిమి. ఈ కొత్త పలకకు తడిగుడ్డ లేదు. ఒడియా యర్థములను మా ప్రతిలోనికి తెచ్చుకొందమన్నను మూలపాఠము, అనగా సోర్సు కోడు, వారు బయట పెట్టలేదు. వారు చట్టమునుగాని, మా యనుమతిపత్రమునుగాని మీఱలేదు. మేమడిగినది మా పేర్లు నిలుపుమనియే గదా. మా పేర్లు అట్టడుగున ముచ్చటగా నున్నవి.

మఱుసటి దసరా సెలవులలో పూర్వవిద్యార్థులు ముగ్గురును మా యింటికి వచ్చిరి. ప్రోగ్రామును తిరుగవ్రాసి క్రొత్తగా విడుదల చేయవలెను; దానికి ఏ యనుమతిపత్రము పెట్టవలెను అని ప్రశ్న. ముగ్గురిలో పెద్దవాడు, "ఇచ్చింది ఇచ్చినట్టే సార్, మళ్ళ షరతేంది?" అనెను. రెండవవాడు కోపిష్ఠి. "వ్యాపారానికి వాడొద్దని రాస్తే సరిపోతది" అనెను. మూడవయామె కొంతసేపూరకుండి, వాడుకొనుము, మార్చుము, అమ్ముకొనుము, కాని నీవు పొందిన స్వేచ్ఛనే నీయొద్ద పుచ్చుకొన్నవారికిని ఇమ్ము అను షరతు పెట్టుదమని చెప్పెను. దీనినే కాపీలెఫ్టు అందురు.

ఇచ్చట చట్టమును గూర్చి కొంచెము చెప్పవలెను, ఏలయన చదువరులలో పెక్కుమంది బయట పెట్టిన వస్తువు అందఱిసొత్తనియే తలతురు. మన దేశపు 1957 నాటి కాపీరైటు చట్టమునకు 1984లో జరిగిన సవరణచేత కంప్యూటరు ప్రోగ్రామును సాహిత్యగ్రంథముతో సమానముగా నెంచుచున్నారు. కర్త జీవించియున్నంత కాలము, అతని యనంతరము అరువదియేండ్లు, హక్కు అతనిదియు అతని వారసులదియు. ఏ యనుమతియు వ్రాయక ప్రోగ్రామును నలుగురిలో పెట్టినచో, నలుగురును చూడవచ్చునుగాని ప్రతి తీసి మార్చి పంచుటకు ఎవరికిని అధికారము లేదు. కనుక మౌనము ఔదార్యము కాదు. ఇచ్చెదమని తలచినవాడు ఇచ్చితినని వ్రాయవలెను. వ్రాయునప్పుడు ఎట్లిచ్చెనో తేల్చుకొనకతప్పదు.

రెండవవాని మాట ముందుగా చూతము, అది త్వరగా తెమలును. వ్యాపారమును నిషేధించుట మాకును మొదట న్యాయముగానే తోచినది. కాని పటాన్‌చెరువు బజారులో ఇరువదిరూపాయలు పుచ్చుకొని సెల్‌ఫోనులలో పాటలును పాఠములును నింపియిచ్చు దుకాణదారుడున్నాడు. మా ప్రోగ్రామును కార్మికుల ఫోనులలోనికి అతడే ఎక్కువగా చేర్చినాడు. ఆ నిషేధము మొట్టమొదట అతనిమీద పడును. లైనస్ టోర్వాల్డ్స్ 1991లో లినక్సును విడుదల చేసినప్పుడు దానిని పంచుటకు సొమ్ము పుచ్చుకొనరాదనియే నియమము పెట్టెను. 1992లో దానిని వదలి కాపీలెఫ్టు లైసెన్సునకు మార్చెను. ఇప్పుడు ప్రపంచమందలి పెద్ద యంత్రములలో అధికభాగము దానిమీద నడచుచున్నవి, వ్యాపారులును దానికి మెఱుగులు దిద్దుచున్నారు. అమ్ముట మాకు కీడు చేయలేదు. తలుపు మూయుట చేసినది. రెండవవాడు దీని కొప్పుకొనెను.

ఇక మిగిలినది పెద్దవాని పక్షమును, మూడవయామె పక్షమును. కాపీలెఫ్టు చరిత్ర తెలియనివారికొఱకు రెండుమాటలు. 1983లో రిచర్డు స్టాల్‌మన్ అను అమెరికావాసి, ప్రోగ్రాములను ఎవరైనను నడుపుటకు, చదువుటకు, మార్చుటకు, పంచుటకు స్వేచ్ఛ యుండవలెనని గ్నూ అను ఉద్యమమును ప్రకటించెను. ఇచ్చినదానిని ఇంకొకడు తీసికొని తాళము వేయుచుండుట చూచి, 1989లో జనరల్ పబ్లిక్ లైసెన్సు అను పత్రమును వెలువరించెను. దాని రెండవ కూర్పు 1991లోను, మూడవది 2007లోను వచ్చినవి. ఇందలి చమత్కారమేమనగా, పంచుకొనుటను నిరోధించుటకు పుట్టిన కాపీరైటు చట్టమునే పంచుకొనుటను కాపాడుటకు వినియోగించుట. ముల్లును ముల్లుతోనే తీయుట యన్నమాట. అది కాగితముమీది మాట మాత్రమే కాదు. 2003లో లింక్‌సిస్ అను కంపెనీవారి రౌటరు పెట్టెలో లినక్సు ఉన్నదని కొందఱు కనిపెట్టి, లైసెన్సు ప్రకారము మూలపాఠమును చూపుమని పట్టుబట్టిరి. కంపెనీవారు చూపక తప్పినది కాదు. ఆ పాఠమునుండియే 2004లో ఓపెన్ డబ్ల్యు.ఆర్.టి. అను క్రొత్త ప్రోగ్రాము పుట్టి, ఎన్నియో కంపెనీల పెట్టెలకు పనికివచ్చుచున్నది. షరతు లేకపోయినచో అది ఆ పెట్టెలోనే యుండెడిది.

అయినను పెద్దవాని ప్రశ్నకు ఇది ప్రత్యుత్తరము కాదు. ఫలము మంచిదగుటచేత షరతు ధర్మమగునా? అతడు గీతను చదివినవాడు. ప్రత్యుపకారము కోరక యిచ్చినదే సాత్త్వికదానమని మా నోటనే విన్నవాడు. "మీరు చెప్పిందే గదా సార్" అని అతడనగా మేము ఆ రాత్రి ప్రత్యుత్తరము చెప్పలేక, మఱునాడు పాత పుస్తకములను తిరుగవేసితిమి.

అందు దొరకిన సంగతి యిది. మన ధర్మశాస్త్రకారులు దానమును, ఉత్సర్గమును ఒకటిగా చెప్పలేదు. దానమునందు ఇచ్చువాడు తన స్వామ్యమును విడుచుటయు, పుచ్చుకొనువానికి స్వామ్యము కలుగుటయు రెండును వలయును; ప్రతిగ్రహీత లేనిదే దానము పూర్తికాదు. ఆవును దానమిచ్చినచో ఆవు పుచ్చుకొన్నవానిది. అతడు అమ్ముకొన్నను, పెరట కట్టుకొన్నను మనకు చెప్పుటకు మాటలేదు. కాని చెఱువు త్రవ్వించి, బావి కట్టించి, తోపు వేయించి విడుచువాడు ఒక్కనికి ఇచ్చుటలేదు, సకలప్రాణులకొఱకు విడుచుచున్నాడు. ఇది ఉత్సర్గము. ఇందు విడిచినవాని స్వామ్యము పోవునుగాని మఱియొకనికి స్వామ్యము కలుగదు. త్రవ్వించినవాడును నలుగురిలో నొకడుగా ఆ నీరు త్రాగవచ్చునని కూడ నిర్ణయించిరి. మేము మా ప్రోగ్రామును ఆవనుకొంటిమి. అది చెఱువు.

చెఱువునుండి ఎవరైనను కడవ నింపుకొని పోవచ్చును. ఆ నీటితో వంట చేసి పూటకూళ్ళయింట అమ్ముకొన్నను తప్పులేదు. గట్టుచుట్టు గోడ కట్టరాదు. గోడ కట్టరాదనుట కడవ తెచ్చినవానికి పెట్టిన షరతా? కడవ తెచ్చినవానికి గోడతో పనియే లేదు. ఆ మాట అతని వెనుక వచ్చువానికొఱకు చెప్పినది.

పైగా ఈ లైసెన్సు మనకేమియు తిరిగి యిమ్మనుటలేదు. దీనిని గూర్చి చాలమంది పొరబడుచున్నారు. మార్చుకొన్నవాడు తన యింటిలో, తన బడిలో తానే వాడుకొనినచో మూలపాఠమును ఎవరికిని చూపనక్కఱలేదు. ఇతరులకు ఇచ్చినప్పుడు, అమ్మినప్పుడు, ఆ పుచ్చుకొన్నవారికి చూపవలెను. మొదటి కర్తకు పంపవలెనను నియమము లేదు, ఒక్క కాసు చెల్లింపవలెనను నియమమును లేదు. ప్రత్యుపకారము కోరనిదానిని సాత్త్వికమందుమేని, ఈ షరతు సాత్త్వికత్వమునకు భంగము చేయలేదు. కోరినది మనకొఱకు కాదు గనుక.

ఈ వాదమునందు ఒక బీటయున్నదని మూడవయామెయే చూపెను. ఉత్సర్గము చేసినవాడు స్వామ్యమును నిజముగా వదలుకొనును. కాపీలెఫ్టు పెట్టినవాడు కాపీరైటును వదలుకొనుటలేదు; దానిని చేతబట్టుకొనియే షరతును నడిపించుచున్నాడు. హక్కు పూర్తిగా విడిచినచో గోడ కట్టువానిని అడ్డుటకు అతనికి అధికారముండదు. ఇది నిజము. మహాత్మాగాంధి ఈ చిక్కునే యెదుర్కొనెను. 1910లో ఆయన హింద్ స్వరాజ్ ఆంగ్లకూర్పును ఏ హక్కులును నిలుపుకొనలేదను ప్రకటనతో ముద్రించెను. ఆయనయే తరువాత 1940లో వ్రాసిన మరణశాసనముచేత తన రచనల హక్కులను నవజీవన్ ట్రస్టునకు అప్పగించెను. 2008వ సంవత్సరము ముగియువఱకు అవి ఆ ట్రస్టు చేతిలోనుండి, 2009 జనవరి 1వ తేదీన సర్వజనులవైనవి. ఆయన మనసు కుదించుకొనెనని మేమనుకొనము. సొంతముకొఱకు హక్కు నుంచుకొనుట వేఱు, కావలివాడుగా నుంచుకొనుట వేఱు. చెఱువు త్రవ్వించినవాడు గట్టుమీద కఱ్ఱ పట్టుకొని కూర్చుండుటకు శాస్త్రమున చోటు తక్కువ. కాని నేడు కఱ్ఱ లేని చెఱువులు మా ప్రాంతమున నేమైనవో మేము చూచుచున్నాము.

ఆ మాట యనగానే పెద్దవాడు మమ్ము పట్టుకొనెను. మేము చెప్పదలచినది నక్కవాగును గూర్చి. మా వైపునుండి పాఱి మంజీరలో కలియు ఆ వాగులో కర్మాగారముల మురికినీరు చేరి, పైర్లును బావులును చెడి, 1990లో ఆ వ్యాజ్యెము సుప్రీము కోర్టువఱకు పోయినది. షరతు లేని ఉమ్మడిసొత్తునకు ఇదియే గతి యని మేమంటిమి. అతడు వెంటనే, వాగునీరు ఒకడు చెఱచినచో అందఱికిని చెడును, ప్రోగ్రాము అట్లు కాదు, వారు తీసికొనిపోయినను మన ప్రతి మనయొద్ద చెక్కుచెదరక యున్నది, మనకు పోయినదేమి యని యడిగెను. ఈ యుపమానము మాకు నచ్చినంతగా సరిపడలేదని ఒప్పుకొంటిమి. ప్రోగ్రాము వాడినకొలది తఱుగదు. మా ప్రతి మాయొద్దనే యున్నది. పోయినది మాది కాదు, ఆ బాలికది. తన చేతిలోని వస్తువునందు తనకు కనబడిన తప్పును దిద్దుకొను అధికారము ఆమెకు లేకపోయినది. ఆమెకు ఆ యధికారము లేకుండునట్లు ఇతరులకు అనుమతి వ్రాసి యిచ్చినవారము మేము.

అంతకంటె సరిపడు పోలిక మా పొరుగుననే యున్నది. పటాన్‌చెరువులో 1972లో స్థాపింపబడిన ఇక్రిశాట్ అను అంతర్జాతీయ పరిశోధనసంస్థ జొన్న, సజ్జ, శనగ, కంది, వేరుసెనగ విత్తనములను దేశదేశములనుండి తెచ్చి దాచియుంచినది. బొమ్మ విషయమున మేము తడబడిన రెండు ధాన్యములును ఆ పట్టికయందే యుండుట మా ప్రారబ్ధము. 1994లో ఈ సంస్థయు, దీని తోటిసంస్థలును ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థతో ఒడంబడిక చేసికొని, ఆ విత్తనములు తమ సొత్తు కాదనియు, లోకముపక్షమున తాము ధర్మకర్తలు మాత్రమేననియు ఒప్పుకొనిరి. 2006నుండి అవి అంతర్జాతీయ సంధిక్రిందికి వచ్చినవి. నేడు అచ్చటినుండి విత్తనము పుచ్చుకొనువాడు ఒక పత్రమునకు కట్టుబడవలెను: పుచ్చుకొన్న రూపమున ఆ విత్తనము ఇతరులకు దొరకకుండ ఏ హక్కును తాను కోరరాదు. ధర్మకర్తృత్వము, షరతు, రెండును ఇచ్చట కలిసినవి; దానిని ఎవ్వరును లోభమని యనుటలేదు.

కాని "పుచ్చుకొన్న రూపమున" అను మాటను చదువరులు గమనింపవలెను. ఆ విత్తనముతో క్రొత్త రకమును పుట్టించినవాడు ఆ క్రొత్తదానిమీద హక్కు పొందవచ్చును; ఇతరుల పరిశోధనకు అది అడ్డమైనచో అమ్మకములనుండి కొంత భాగము ఉమ్మడినిధికి చెల్లింపవలసియుండును. ఇది కాపీలెఫ్టు అంత దూరము పోలేదు. హైబ్రిడ్ సజ్జ వేయు రైతునడిగినచో మిగిలినది చెప్పును. పంట చక్కగా పండును. ఆ గింజనే మఱుసటియేడు విత్తినచో మొక్కలు ఒక్కతీరుగా రావు, దిగుబడి తగ్గును. దాని తల్లిదండ్రుల వంశములు కంపెనీయొద్ద నున్నవి. రైతు చేతిలో గింజయున్నది, మూలపాఠము లేదు. మా ట్యాబుయు నిట్టిదే. మా జిల్లాలోనే జహీరాబాదు ప్రాంతమున, దక్కన్ డెవలప్‌మెంటు సొసైటీ సంఘములలోని దళితస్త్రీలు పాత విత్తనములను కుండలలో, బుట్టలలో బూడిదయు వేపాకును కలిపి దాచి, అడిగినవారికిచ్చి, పంట వచ్చిన పిదప ఎక్కువ కొలతతో తిరిగి పుచ్చుకొని, మఱియొకరి కిచ్చుచున్నారు. వారికి ఏ లైసెన్సును చదివి వినిపించినవారు లేరు.

ఈ చర్చ నడుమ మాకు సిగ్గు తెచ్చిన విషయమొకటి బయటపడినది. దాచిపెట్టుట న్యాయము కాదు. మా ఆఱువందల బొమ్మలలో పెక్కు వికీమీడియా కామన్సునుండి తీసికొన్నవి. తెలుగు వికీపీడియా 2003లో ఆరంభమైనది. 2009నుండి దాని వ్యాసములు, కర్త పేరు నిలిపి అదే షరతుతో పంచవలెనను క్రియేటివ్ కామన్సు లైసెన్సుక్రింద నున్నవి. కామన్సులోని బొమ్మలలోను అధికభాగమునకు ఇట్టి షరతే కలదు. మేము తీసికొన్నవానికిని ఉండెను. మేము దానిని చదువలేదు. ఎవరైనను ఎట్లయినను వాడుకొనుడని వానికిని కలిపి వ్రాసితిమి. అనగా పరుల సొత్తును షరతు లేకుండ దానము చేసి దాతలమనిపించుకొంటిమి! ఆ సజ్జకంకి ఛాయాచిత్రము పుటలో అది సజ్జయని స్పష్టముగా వ్రాసియున్నది. తీసినవాని పేరును ఉన్నది. అతని పేరు మేము నిలుపలేదు. మా పేర్లు మాత్రము తీసివేయరాదని షరతు పెట్టితిమి. పెద్దవాడు ఇది విని చాలసేపు మాటాడలేదు. మేమును మాటాడలేదు.

అక్షరముల విషయమున మాత్రము అదృష్టవశమున తప్పు జరుగలేదు. తెలుగు ఖతుల కర్తలు ఈ ప్రశ్నను మాకంటె ముందే యెదుర్కొనిరి. తిరుమల కృష్ణదేశికాచార్యులుగారు పోతన, వేమన అను ఖతులను జనరల్ పబ్లిక్ లైసెన్సుక్రింద విడిచిరి. గిడుగు, గురజాడ, సురవరము, మండలి మొదలగు పేర్లతో వచ్చినవి ఓపెన్ ఫాంటు లైసెన్సుక్రింద నున్నవి. ఈ రెండవదానియందు, ఖతిని మార్చినవాడు మార్చిన ఖతిని అదే లైసెన్సుతో విడువవలెను. కాని ఆ ఖతితో అచ్చువేసిన పుస్తకమునకు ఏ బంధమును లేదు. షరతు ఎంతదూరము పోవలెనో ఎచ్చట ఆగవలెనో తెలిసి వ్రాసిన పత్రమిది.

పెద్దవాని చివరి యాక్షేపణ అన్నిటికంటె బరువైనది. దానికి మాయొద్ద పూర్తి సమాధానము లేదు. షరతు పెట్టియుండినచో ఆ సంస్థవారు మన ప్రోగ్రామును తాకియే యుండరు, ట్యాబులే వచ్చియుండవు, ఒక్క తప్పు మాటతోనైనను అయిదువందల తొంబదితొమ్మిది మంచి మాటలు పిల్లలు నేర్చుకొన్నారు గదా యని అతడనెను. పెక్కు కంపెనీలు కాపీలెఫ్టు పేరు విన్నంతనే దూరముగా జరుగునన్నది సత్యమే. షరతును నిజాయితీపరులు పాటింతురు, కానివారు మీఱుదురు, మీఱినవానిమీద బడిపంతులు వ్యాజ్యెము వేయగలడా యన్నదియు సత్యమే. మేము చెప్పగలిగిన దింతే: వ్యాప్తి యొక్కటే మా కోరిక యైనచో మొదటి పత్రమే చాలును. కాని మేము పిల్లలకు మాటలు మాత్రమే నేర్పుటకు బడిలో లేము. తప్పు కనబడినప్పుడు అది తప్పని చెప్పుము, దిద్దుము అని చెప్పుటకుకూడ ఉన్నాము. తప్పని చెప్పిన పిల్లకు, అవునమ్మా, కాని దిద్దరాదు అని మేము చెప్పితిమి. అది మాకు మింగుడుపడుటలేదు.

కడకు జనరల్ పబ్లిక్ లైసెన్సు అని నిశ్చయించుకొన్న పిదపకూడ, రెండవ కూర్పా మూడవ కూర్పా యని మఱల తగవు. అమెరికాలో టీవో అను పేర టెలివిజను కార్యక్రమములను దాచుకొను పెట్టె యొకటి వచ్చెను. దానిలో లినక్సు ఉన్నది, మూలపాఠమును ఇచ్చిరి, కాని మార్చిన ప్రతిని ఆ పెట్టెయందు నడువనీయలేదు. దీనిని చూచి మూడవ కూర్పున, గృహోపయోగపు యంత్రములలో ప్రోగ్రామును పెట్టి అమ్మువాడు, మార్చిన ప్రతిని దానిలో నెక్కించుటకు వలయు వివరములనుకూడ ఇయ్యవలెనని చేర్చిరి. టోర్వాల్డ్స్ దీని కొప్పుకొనక లినక్సును రెండవ కూర్పుననే యుంచెను; మార్పులు తిరిగి పాఠములోనికి వచ్చిన చాలును, యంత్రము చేసినవాని యంత్రము అతని యిష్టమని ఆయన యభిప్రాయము. పనివారి నడుమ సహకారమే లక్ష్యమైనచో ఆయన మాట సరియైనదే. మా లక్ష్యము ట్యాబు పట్టుకొన్న పిల్ల. కనుక మూడవ కూర్పునే తీసికొంటిమి. బొమ్మలకును, ఉచ్చారణలకును క్రియేటివ్ కామన్సువారి షరతుగల లైసెన్సునే పెట్టి, ప్రతి బొమ్మక్రింద తీసినవాని పేరు చేర్చితిమి. ఉచ్చారణలు చెప్పిన పెద్దమ్మలయొద్దకు మఱల పోయి, సంగతి వివరించి, అనుమతి యడిగితిమి, మొదటిసారి అడుగలేదు. వారిలో నొకామె, "గొంతు అరిగిపోతదా ఏంది సారూ" అని నవ్వినది.

మొదట విడిచిన కూర్పునందు మేమే వ్రాసిన భాగమును వెనుకకు తీసికొనుటకు వీలులేదు. ఇచ్చిన యనుమతి ఇచ్చినట్లే. క్రొత్తదానికే ఈ నిర్ణయము. పెద్దవాడు ఒక్క కోరిక కోరెను: ఉచ్చారణను వినిపించు భాగము తాను ఒంటరిగా వ్రాసినది గనుక దానిని పాత పత్రముతోనే, ఏ షరతు లేకుండ, వేఱుగా విడిచెదననెను. అట్టి భాగమును షరతుగల ప్రోగ్రాములో కలుపుకొనుటకు అడ్డము లేదు. మేము సరేయంటిమి. అతడు తన యభిప్రాయమును మార్చుకొనలేదు. మమ్ము విడిచియు పోలేదు.

క్రొత్త కూర్పు సంక్రాంతికి సిద్ధమైనది. ఒడియా యర్థములను మా బడిపిల్లల తల్లులు ఆదివారములయందు వచ్చి చెప్పుచున్నారు. ఇప్పటికి నూటయెనుబది మాటలైనవి. నవ్విన బాలిక అయిదవ తరగతిలో నున్నది. బడి కంప్యూటరులో సజ్జకంకిక్రింద సజ్జ యని యున్నదో లేదో తెరచి చూచుకొన్నది. ట్యాబులలో మాత్రము నేటికిని జొన్న యనియే యున్నది.